ఐరిష్ గ్రాండ్ నేషనల్: ఒక గుర్రపు పందెంలో ప్రతిఫలించిన ఐర్లండ్ సామాజిక చరిత్ర (1870–2023)

వ్యాససంగ్రహం

ఐర్లండ్‌లోని మీథ్ కౌంటీ, ఫెయిరీహౌస్ మైదానంలో ఏటా ఈస్టర్ సోమవారం నాడు జరిగే ఐరిష్ గ్రాండ్ నేషనల్ ఆ దేశపు ప్రధాన స్టీపుల్‌ఛేజ్ పందేలలో ఒకటి. 1870లో ఆరంభమైన ఈ పందెం భూస్వామ్య వర్గపు వేట వినోదం నుంచి పుట్టింది. ఆ వర్గం తన భూములనూ రాజకీయాధికారాన్నీ కోల్పోయిన తరువాత కూడా పందెం నిలిచింది. జాతీయోద్యమం, స్వాతంత్ర్యం, దేశ విభజన, రెండు ప్రపంచ యుద్ధాలు దాని ఉనికిని చెరిపివేయలేకపోయాయి. ఒక పాలకవర్గపు వినోదం ఆ వర్గం పతనమైన తరువాత జాతీయ సంప్రదాయంగా ఎలా మారిందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. భూమి, గుర్రం, సెలవు దినం, హాండికాప్ విధానం, శాసన వ్యవస్థ అనే అయిదు అంశాల ఆధారంగా దీనిని పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: ఐర్లండ్, స్టీపుల్‌ఛేజ్, ఫెయిరీహౌస్, ఈస్టర్ తిరుగుబాటు, ఆర్కిల్, హాండికాప్, క్రీడాచరిత్ర.

1. ఉపోద్ఘాతం

క్రీడల చరిత్రను విజేతల పట్టికగా మాత్రమే చూడడం సులభం. అయితే ఒక క్రీడను ఎవరు ఆడారు, ఎవరి నేలపై ఆడారు, ఎవరు చూశారు, ఎవరికి ప్రవేశం లేకపోయింది అన్న ప్రశ్నలు వేసినప్పుడు ఆ పట్టిక వెనుక ఒక సమాజం కనిపిస్తుంది. ఐర్లండ్‌లో గుర్రం విషయంలో ఈ ప్రశ్నలకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. 1695లో చేసిన ఒక చట్టం ప్రకారం ఆ దేశపు కాథలిక్కులు 5 పౌండ్లు లేదా అంతకంటె ఎక్కువ విలువ గల గుర్రాన్ని కలిగి ఉండరాదు. అటువంటి గుర్రం కాథలిక్కు వద్ద ఉన్నట్లయితే, ప్రొటెస్టెంటు ఎవరైనా 5 పౌండ్ల 5 షిల్లింగులు చెల్లించి దానిని సొంతం చేసుకోవచ్చు. జనాభాలో అత్యధికులైన కాథలిక్కులకు మేలుజాతి గుర్రం చట్టరీత్యా నిషిద్ధమైన సంపద అయింది. ఆ నిషేధం 18వ శతాబ్ది చివరి పాదంలో తొలగిపోయినా, గుర్రానికీ అధికారానికీ మధ్య ఏర్పడిన బంధం జనస్మృతిలో నిలిచిపోయింది. ఐరిష్ గ్రాండ్ నేషనల్ చరిత్రను ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవలసి ఉంటుంది.

2. స్టీపుల్‌ఛేజ్ ఆవిర్భావం

స్టీపుల్ అంటే చర్చి భవనంపైని గోపుర శిఖరం. ఛేజ్ అంటే తరమడం. 1752లో కార్క్ కౌంటీలో కార్నీలియస్ ఓకాలహాన్, ఎడ్మండ్ బ్లేక్ అనే ఇద్దరు పెద్దమనుషులు బటవెంట్ చర్చి నుంచి డోనరేల్ చర్చి వరకు, సుమారు నాలుగున్నర మైళ్ల దూరం, గుర్రాలపై పందెం వేసుకున్నారని సంప్రదాయ కథనం. మధ్యలో ఉన్న గోడలు, కందకాలు, ముళ్లకంచెలు, వాగులు అన్నింటినీ దాటుతూ, దూరాన కనిపించే శిఖరాన్నే గురిగా పెట్టుకొని సాగిన ఆ పరుగు ఈ క్రీడకు పేరు పెట్టిందని చెబుతారు.

ఈ కథనంలో ఒక సామాజిక సత్యం ఇమిడి ఉంది. ఎవరి పొలాలనైనా తొక్కుకుంటూ, ఎవరి కంచెనైనా దూకుతూ నేరుగా సాగిపోవడం ఆ నేలపై ఆధిపత్యం ఉన్నవారికి మాత్రమే సాధ్యం. నక్క వేట, జింక వేట కూడా అదే హక్కుపై ఆధారపడ్డాయి. కౌలురైతు తన చేను మీదుగా వేట గుంపు పోవడాన్ని సహించవలసి వచ్చేది. స్టీపుల్‌ఛేజ్ ఈ వేట సంస్కృతికి పొడిగింపుగానే ఎదిగింది.

3. ఫెయిరీహౌస్: కరువు కాలపు పచ్చిక

డబ్లిన్ నగరానికి వాయవ్యంగా, రాటోత్ గ్రామం చేరువలో ఫెయిరీహౌస్ ఉంది. వార్డ్ వేట బృందం 1848లో ఇక్కడ తొలి పందేలను నిర్వహించింది. ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోవడం అవసరం. 1845లో బంగాళాదుంప పంటకు సోకిన తెగులు వల్ల వచ్చిన మహాక్షామం అప్పటికింకా కొనసాగుతూనే ఉంది. 1841లో సుమారు 82 లక్షలుగా ఉన్న ఐర్లండ్ జనాభా 1851 నాటికి సుమారు 65 లక్షలకు పడిపోయింది. పావు ఎకరం కంటె ఎక్కువ భూమిని అనుభవిస్తున్న కుటుంబానికి ప్రభుత్వ సహాయం ఇవ్వరాదని 1847లో చేసిన నిబంధన, లెక్కకు మిక్కిలిగా చిన్న రైతులను భూమి వదులుకొనేలా చేసింది. అటువంటి కాలంలో వేట బృందపు పందేలు మొదలు కావడం, ఒకే దేశంలో పక్కపక్కనే నడిచిన రెండు జీవితాల మధ్యనున్న అగాధాన్ని చూపుతుంది.

మీథ్ కౌంటీ ఐర్లండ్‌లో పచ్చిక భూములకు ప్రసిద్ధి. క్షామానంతరం చిన్న కమతాలు అంతరించి, పశువుల మేతకు విశాలమైన క్షేత్రాలు ఏర్పడడం ఇక్కడ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గుర్రాల పెంపకానికి అనుకూలించినదీ ఈ పచ్చికే. కనుక పందెపు మైదానపు పచ్చదనాన్ని ప్రకృతి వరంగా మాత్రమే భావించలేము. అది ఖాళీ అయిన నేల చరిత్ర కూడా.

ఐర్లండ్‌లో కంచెల పందేలకు నియమావళి అందించిన ఐరిష్ నేషనల్ హంట్ స్టీపుల్‌ఛేజ్ కమిటీ 1869 ప్రాంతంలో రూపొందింది. ఆ వెంటనే, 1870లో, ఫెయిరీహౌస్‌లో తొలి ఐరిష్ గ్రాండ్ నేషనల్ జరిగింది. ఇంగ్లండులోని ఎయిన్‌ట్రీలో 1839 నుంచి ప్రసిద్ధమైన గ్రాండ్ నేషనల్ దీనికి నమూనా. తొలి పందెంలో సర్ రాబర్ట్ పీల్ అనే గుర్రం గెలిచి 167 సావరిన్ల బహుమానాన్ని సంపాదించింది. క్షామారంభంలో బ్రిటిష్ ప్రధానిగా ఉన్నవారి పేరూ, 1861–65 మధ్య ఐర్లండ్ చీఫ్ సెక్రటరీగా ఉన్న ఆయన కుమారుని పేరూ అదే. తొలి విజేత పేరే నాటి పాలకవర్గ ప్రపంచాన్ని స్ఫురింపజేయడం గమనార్హం.

4. భూపోరాటం, వేటకు ప్రతిఘటన

పందెం మొదలైన పదేళ్లలోపే అది ఆధారపడిన వ్యవస్థ కంపించింది. 1879లో ఆరంభమైన భూపోరాటంలో కౌలుదారులు సంఘటితులయ్యారు. 1881 అక్టోబరులో చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ అరెస్టు తరువాత, 1881–82 శీతకాలంలో అనేక కౌంటీలలో రైతులు వేట గుంపులను తమ పొలాలలోకి రానీయలేదు. వేటను ఆపడం కౌలు నిరాకరణతో పాటు ఒక రాజకీయ ఆయుధమయింది. 1906–09 నాటి పచ్చిక క్షేత్రాల పోరాటంలో రాత్రివేళ పశువులను తోలివేసే పద్ధతి మీథ్‌తో సహా మధ్య ఐర్లండ్ అంతటా వ్యాపించింది.

1903 నాటి విండమ్ భూచట్టం భూస్వాముల నుంచి కౌలుదారులు భూమిని కొనుగోలు చేయడానికి ప్రభుత్వ ఋణాన్ని సమకూర్చింది. క్రమంగా లక్షలాది కుటుంబాలు యజమానులయ్యాయి. ఈ మార్పు పందేల చరిత్రకు కీలకం. నిన్నటి వరకు వేటను అడ్డుకున్న రైతుకు ఇప్పుడు సొంత పచ్చిక ఉంది. ఆ పచ్చికలో ఒక గుర్రపుపిల్లను పెంచి అమ్ముకొనే అవకాశం ఉంది. అతని పోరాటం గుర్రం మీద కాక, గుర్రమెక్కి తన చేను తొక్కినవాని హక్కు మీద సాగినది. ఆ హక్కు రద్దయినప్పుడు గుర్రం పట్ల విరోధం కూడా తగ్గింది.

5. 1916 ఏప్రిల్ 24

ఐరిష్ గ్రాండ్ నేషనల్ పేరు రాజకీయ చరిత్రలో తప్పనిసరిగా కనిపించే రోజు 1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం. ఆ మధ్యాహ్నం డబ్లిన్‌లో ఐరిష్ వాలంటీర్లు, సిటిజన్ ఆర్మీ సభ్యులు ప్రధాన తపాలా కార్యాలయాన్ని స్వాధీనపరచుకొన్నారు. పాట్రిక్ పియర్స్ గణతంత్ర ప్రకటనను చదివారు. అదే రోజు అనేకమంది బ్రిటిష్ సైనికాధికారులు ఫెయిరీహౌస్‌లో పందేలు చూస్తున్నారు. డబ్లిన్‌లోని సుమారు 2,400 మంది సైనికులలో తక్షణం కదలడానికి సిద్ధంగా ఉన్నవారు సుమారు 400 మంది మాత్రమే. ఆ ఏటి పందెంలో ఆల్ సార్ట్స్ అనే గుర్రం గెలిచింది. ఇళ్లకు మరలిన ప్రేక్షకులకు నగరంలో అడ్డుగోడలూ తుపాకి మోతలూ ఎదురయ్యాయి.

తిరుగుబాటుదారులు పందెపు రోజును ఎంచుకొనే దాడి చేశారన్న అభిప్రాయం జనప్రియ కథనాలలో కనిపిస్తుంది. ఘటనల క్రమం దీనిని సమర్థించదు. తిరుగుబాటు మొదట ఏప్రిల్ 23, ఈస్టర్ ఆదివారానికి నిర్ణయమైంది. జర్మనీ నుంచి ఆయుధాలు తెస్తున్న ఆడ్ అనే ఓడ బ్రిటిష్ నౌకాదళానికి చిక్కి, తన సిబ్బంది చేతిలోనే మునిగిపోయింది. రోజర్ కేస్‌మెంట్ అరెస్టయ్యారు. వాలంటీర్ల అధిపతి ఓయిన్ మక్‌నీల్ ఆదివారపు కవాతులను రద్దు చేస్తూ పత్రికా ప్రకటన ఇచ్చారు. దానివల్ల తిరుగుబాటు ఒక రోజు వాయిదా పడి, పందెపు రోజున సంభవించింది.

అయితే ఈ యాదృచ్ఛికతకు ఒక తార్కిక నేపథ్యం ఉంది. మక్‌నీల్ ప్రకటనతో ప్రమాదం తప్పిపోయిందని డబ్లిన్ కోటలోని అధికారులు భావించారు. ప్రమాదం లేదనుకొన్న సెలవు రోజున సైనికాధికారి ఎక్కడికి వెళతాడో పందెపు సంప్రదాయమే నిర్ణయించింది. వాయిదా తిరుగుబాటుదారుల బలగాన్ని బాగా తగ్గించింది. అదే వాయిదా ప్రత్యర్థి అప్రమత్తతనూ తగ్గించింది. ఫెయిరీహౌస్ పందెం తిరుగుబాటుకు కారణం కాదు. పాలకవర్గం తన సురక్షితత్వాన్ని ఎంత సహజంగా భావించిందో చెప్పే సాక్ష్యం మాత్రం అవుతుంది.

6. కొత్త రాజ్యం, పాత పందెం

1922లో ఐరిష్ ఫ్రీ స్టేట్ ఏర్పడింది. ఇంగ్లీషు క్రీడలను జాతీయవాదులు అనుమానంతో చూసిన కాలమది. అయినా గుర్రపు పందేలను కొత్త రాజ్యం వదులుకోలేదు. 1926 నాటి పందెపు చట్టం మైదానం వెలుపల పందెం కాసే దుకాణాలకు లైసెన్సు విధానాన్ని ప్రవేశపెట్టింది. బ్రిటన్‌లో అటువంటి దుకాణాలు 1961లో గాని చట్టబద్ధం కాలేదు. 1929 చట్టం టోటలైజేటర్ విధానానికి వీలు కల్పించింది. 1945లో ఏర్పడిన రేసింగ్ బోర్డు పందెపు సొమ్ముపై సుంకం వసూలు చేసి, దానిని బహుమానాలకూ మైదానాల అభివృద్ధికీ మళ్లించింది. భూస్వామి విరాళం ఉన్నచోట ఇప్పుడు ప్రజల పందెపు సొమ్ము నిలిచింది. ఆదాయ వనరు మారడం ఈ క్రీడ ప్రజాస్వామికీకరణకు భౌతికమైన ఆధారం.

దేశ విభజన తరువాత కూడా పందేల నిర్వహణ ద్వీపమంతటికీ ఒకటిగానే కొనసాగింది. సరిహద్దుకు ఉత్తరాన ఉన్న డౌన్‌పాట్రిక్, డౌన్ రాయల్ మైదానాలు కూడా అదే నియమావళి కింద ఉన్నాయి. రాజకీయం విడదీసిన నేలను నిర్వహణ రీత్యా కలిపి ఉంచిన కొద్ది రంగాలలో ఇది ఒకటి.

7. డ్రేపర్ యుగం, ఆర్కిల్ సమస్య

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో పందేలు కుంటువడగా ఐర్లండ్‌లో అవి సాగాయి. 1942లో ప్రిన్స్ రీజెంట్ 12 స్టోన్ల 7 పౌండ్ల (సుమారు 79 కిలోల) బరువు మోసి గెలిచింది. దాని శిక్షకుడు టామ్ డ్రేపర్ ఆ తరువాత మొత్తం 10 సార్లు ఈ పందెం గెలిచి ఎవరూ అందుకోని రికార్డు నెలకొల్పారు. అందులో 1960 నుంచి 1966 వరకు వరుసగా ఏడు విజయాలు: ఒలింపియా, ఫోర్ట్రియా, కెర్ఫోరో, లాస్ట్ లింక్, ఆర్కిల్, స్ప్లాష్, ఫ్లయింగ్‌బోల్ట్. జాకీ పాట్ టాఫ్ 1954–66 మధ్య ఆరుసార్లు గెలిచారు. కుమారుడు జిమ్ డ్రేపర్ శిక్షణలో బ్రౌన్ లాడ్ 1975, 1976, 1978లలో మూడుసార్లు విజేత అయింది.

ఈ పరంపరలో ఆర్కిల్ ఘట్టం సైద్ధాంతికంగా విలువైనది. ఐరిష్ గ్రాండ్ నేషనల్ హాండికాప్ పందెం. అంటే మేలైన గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైన గుర్రానికి తక్కువ బరువు కేటాయించి, అన్నింటికీ సమానావకాశం కల్పించే ప్రయత్నం. అయితే బరువుల శ్రేణికి పై హద్దూ కింది హద్దూ ఉంటాయి. ఒక గుర్రం మిగిలినవాటి కంటె చాలా గొప్పదైతే, అది పై హద్దున నిలుస్తుంది; తక్కినవన్నీ తమ మధ్య తేడాలతో నిమిత్తం లేకుండా కింది హద్దు వద్ద పోగుపడతాయి. ఆ గొప్ప గుర్రం చివరి క్షణంలో తప్పుకుంటే పందెం అర్థరహితమవుతుంది. 1964లో చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ గెలిచిన ఆర్కిల్ వల్ల సరిగా ఈ సమస్యే తలెత్తింది. దీనికి పరిష్కారంగా ఐరిష్ అధికారులు రెండు బరువుల పట్టికలు తయారుచేసే అపూర్వమైన విధానాన్ని అనుసరించారు: ఒకటి ఆర్కిల్ పాల్గొంటే వర్తించేది, మరొకటి పాల్గొనకపోతే వర్తించేది.

ఆర్కిల్ 12 స్టోన్లు మోస్తూ, తన కంటె రెండున్నర స్టోన్లు (సుమారు 16 కిలోలు) తక్కువ మోసిన హైట్ ఓ ఫ్యాషన్‌పై ఒక్క గుర్రపు నిడివి తేడాతో గెలిచింది. 1966లో అదే శాలకు చెందిన ఫ్లయింగ్‌బోల్ట్ 12 స్టోన్ల 7 పౌండ్లు మోసి, అదే ప్రత్యర్థికి 40 పౌండ్ల వెసులుబాటు ఇచ్చి గెలిచింది. సమానత్వం కోసం రూపొందిన విధానం అసాధారణ ప్రతిభ ఎదురైనప్పుడు తన నియమాలనే మార్చుకోవలసి వచ్చింది. ఆర్కిల్ యజమానురాలు వెస్ట్‌మినిస్టర్ డచెస్ ఆన్. ఆమె బ్రిటిష్ కులీన కుటుంబపు కోడలు. గుర్రం పేరు స్కాట్లండులోని ఒక పర్వతానిది. అయినా మీథ్ నేలపై పుట్టిన ఆ గుర్రాన్ని ఐరిష్ ప్రజలు తమదిగానే భావించారు. యాజమాన్యం కంటె జన్మస్థలం, పెంపకం, శిక్షణలే జాతీయతను నిర్ణయించాయని దీనివల్ల తెలుస్తుంది.

8. స్త్రీలు, కుటుంబ వారసత్వం

1984లో ఉత్తర ఐర్లండ్‌కు చెందిన ఆన్ ఫెరిస్, తన తండ్రి విల్లీ రూనీ శిక్షణ ఇచ్చిన బెంటమ్ బాయ్‌పై గెలిచి, ఈ పందెం గెలిచిన తొలి మహిళా జాకీ అయ్యారు. ఎయిన్‌ట్రీ గ్రాండ్ నేషనల్‌లో ఒక మహిళ గెలవడానికి 2021లో రేచల్ బ్లాక్‌మోర్ వరకు ఆగవలసి వచ్చింది. రెండింటికీ మధ్య 37 సంవత్సరాల అంతరం ఉంది. 2011లో నీనా కార్బెరీ ఆర్గనైజ్డ్ కన్ఫ్యూజన్‌పై, 2015లో కేటీ వాల్ష్ థండర్ అండ్ రోజెస్‌పై విజయం సాధించారు. 2015 విజేతకు శిక్షణ ఇచ్చినదీ ఒక మహిళే, శాండ్రా హ్యూజ్.

ఈ పేర్లను జాగ్రత్తగా చదివితే మరో నిర్మాణం బయటపడుతుంది. నీనా తండ్రి టామీ కార్బెరీ 1975, 1976లలో బ్రౌన్ లాడ్‌పై గెలిచిన జాకీ. ఆయనే 1998లో బాబీజో శిక్షకునిగా, కుమారుడు పాల్ జాకీగా ఈ పందెం గెలిచారు. మరుసటి ఏడు అదే గుర్రంతో ఎయిన్‌ట్రీలోనూ గెలిచారు. 2000లో కమాంచే కోర్ట్ విజయంలో తండ్రి టెడ్ వాల్ష్ శిక్షకుడు, కుమారుడు రూబీ జాకీ. కేటీ ఆ ఇంటి ఆడపడుచు. భూస్వామ్య వంశాల వారసత్వం స్థానంలో వృత్తి కుటుంబాల వారసత్వం వచ్చిందన్నమాట. స్త్రీల ప్రవేశానికి ఈ కుటుంబ శాలలే దారి తీశాయి. చిన్ననాటి నుంచి అన్నదమ్ములతో పాటు గుర్రాల పని చేసిన ఆడపిల్లకు స్వారీ నైపుణ్యం ఇంటి విద్య అయింది. అయితే అటువంటి కుటుంబంలో పుట్టని స్త్రీకి ఆ దారి అంత సులభం కాలేదన్నది దీని మరో పార్శ్వం.

9. సమకాలీన దశ: పెట్టుబడి, అనిశ్చితి

పందెం దూరం నేడు సుమారు 3 మైళ్ల 5 ఫర్లాంగులు, అంటే దాదాపు 5.8 కిలోమీటర్లు. మద్యం తయారీ సంస్థలు, తరువాత పందెపు సంస్థలు దీనికి ప్రాయోజకులయ్యాయి. ఇటీవలి కాలంలో బహుమాన మొత్తం 5 లక్షల యూరోలకు చేరింది. ఆ మేరకు కొద్దిమంది పెద్ద యజమానులు, పెద్ద శిక్షణశాలలు అనేక గుర్రాలను ఒకే పందెంలో దింపే ధోరణి పెరిగింది. 2023లో ఐ యామ్ మాక్సిమస్ విజయం విల్లీ మలిన్స్ శాల బలాన్ని చాటింది; మరుసటి సంవత్సరం ఆ గుర్రమే ఎయిన్‌ట్రీలోనూ గెలిచింది.

2020లో కోవిడ్ కారణంగా పందెం రద్దయింది. 2021లో ప్రేక్షకులు లేని మైదానంలో ఫ్రీవీలిన్ డిలన్ 150కి 1 ధరతో గెలిచింది. ఈ పందెం చరిత్రలో అంతటి అంచనాలు లేని విజేత మరొకటి లేదు. శిక్షకుడు డెర్మట్ మక్‌లాఫ్లిన్ రాటోత్‌కు చెందినవారే. ఆయన తండ్రి లియమ్ 1962లో డ్రేపర్ శాల తరఫున కెర్ఫోరోపై గెలిచిన జాకీ. 2022లో లార్డ్ లారియట్‌తో డెర్మట్ మళ్లీ గెలిచారు. పెద్ద పెట్టుబడి ఆధిపత్యం వహిస్తున్న దశలో మైదానం పక్కనున్న చిన్న శాల వరుసగా రెండుసార్లు గెలవడానికి హాండికాప్ విధానమే అవకాశం కల్పించింది. బరువుల సమీకరణ లేకుంటే ఈ పందెం ధనికుల మధ్య పోటీగానే మిగిలిపోయేది.

10. ముగింపు

పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

1. ఐరిష్ గ్రాండ్ నేషనల్ భూస్వామ్య వేట సంస్కృతి నుంచి, మహాక్షామం నీడలో రూపొందిన పచ్చిక భూములపై పుట్టింది.

2. భూమి రైతు చేతికి రావడం వల్ల గుర్రం పాలకుని చిహ్నంగా ఉండక, రైతు కుటుంబానికి ఆదాయ వనరుగా మారింది. పందెం మనుగడకు ఇదే మూలకారణం.

3. 1916 తిరుగుబాటు పందెపు రోజున సంభవించడం ముందస్తు వ్యూహం కాదు. ఒక రోజు వాయిదా ఫలితం. అయినా నాటి పాలకవర్గపు ధీమాకు అది చారిత్రక సాక్ష్యం.

4. స్వతంత్ర రాజ్యం చట్టాల ద్వారా పందేల ఆర్థిక పునాదిని మార్చింది. కంచెల పందేల పాలన దేశ విభజన సరిహద్దును అతిక్రమించి నిలిచింది.

5. హాండికాప్ విధానం ఆర్కిల్ కాలంలో తన పరిమితులను బయటపెట్టినా, చిన్న శాలలకు అది నేటికీ రక్షణగా ఉంది.

ఈ మార్పును సంపూర్ణమైన ప్రజాస్వామికీకరణగా భావించలేము. భూస్వామి స్థానంలో మొదట రాజ్యం, వృత్తి కుటుంబాలు, ఆ తరువాత పెట్టుబడి వచ్చాయి. 5 పౌండ్ల గుర్రాన్ని కూడా ఉంచుకోనీయని చట్టం నుంచి 5 లక్షల యూరోల బహుమానం వరకు సాగిన ఈ చరిత్రలో గుర్రం ఎవరిది అన్న ప్రశ్న ప్రతి తరంలోనూ కొత్త రూపంలో ఎదురయింది. ఫెయిరీహౌస్‌లో ఏటా వసంతకాలపు సెలవు రోజున జరిగే పందెం ఆ ప్రశ్నకు తుది సమాధానం ఇవ్వలేదు గాని, దానిని ప్రజలందరి ఎదుట బహిరంగంగా నిలుపుతూ వచ్చింది.